అరికాలి కాటుక చుక్క

మా ఇంట్లో టీవీలో దయ్యాల సీరియల్ వస్తే నేను లేచి వెళ్లి గిన్నెలు తోముకుంటాను. భయపడి కాదు, విసుగొచ్చి. హన్మకొండలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. గాలి సోకింది, దిష్టి తగిలింది అని ఎవరైనా మొదలుపెడితే నేను మొహం ఎలా పెడతానో మా ఆయన రమేష్‌కు బాగా తెలుసు. అలాంటిది ఇది రాస్తున్నానని చెప్తే ఆయన నవ్వలేదు. "రాయి" అని మాత్రం అన్నాడు.

ముందు మా పెద్దమ్మ గురించి చెప్పాలి. అమ్మకు అక్క, నెక్కొండలో కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. అమ్మ పోయింది కాబట్టి నా కాన్పు పెద్దమ్మే చేసింది. మా పాప ఆద్యకు ఒళ్లంతా నూనె రుద్ది, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, చివర్లో అరికాలికి కాటుక చుక్క పెట్టేది. ఎవరైనా పాదం మధ్యలో పెడతారు. ఈమె మాత్రం చిటికెన వేలి కింద పెడుతుంది. ఎందుకలా అంటే, "నా బిడ్డ అని ఎరుక ఉండాలె గదా" అనేది. కొన్న కాటుక ముట్టదు. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, పట్టిన మసితో తనే చేస్తుంది. ఆ కాటుకకు ఆముదపు వాసన ఉంటుంది. ఆద్య ఆమెను నెక్కొండ అమ్మమ్మ అంటుంది.

మొన్నటి చలికాలం నేనూ, నా డిగ్రీ స్నేహితురాళ్లు స్వప్న, కవితా కలిసి, భర్తల్నీ పిల్లల్నీ వెంటేసుకుని మనాలీ బయల్దేరాం. మంచు చూడాలని ఏళ్ల నుంచీ కోరిక. ఆద్యకు అప్పుడు నాలుగేళ్లు.

పెద్దమ్మకు ఇష్టం లేదు. "మంచుల పసిపిల్లను తిప్పుతరా ఎవలన్న? జర పైలం బిడ్డా. రోజు కాలికి చుక్క పెట్టు" అని చిన్న కాటుక డబ్బా ఇచ్చి పంపింది. రైలెక్కాక చూస్తే సంచిలో లేదు, మా వంటింటి గట్టు మీదే ఉండిపోయింది. దారిలో తినే సకినాలు మర్చిపోలేదు కదా, అది చాలనుకున్నాను.

మనాలీలో బండి మాట్లాడుకుని పైకి బయల్దేరాం. దారిలో మంచు బట్టలు అద్దెకిస్తారు. పిల్లలందరికీ ఒకేరకం ఎర్ర సూట్లు, రబ్బరు బూట్లు దొరికాయి. టోపీ లాగి మఫ్లరు చుడితే కళ్లు తప్ప ఇంకేమీ కనబడవు. ఎవరి పిల్ల ఎవరో తెలియక మేం ఒకటే నవ్వు.

మా మూడు కుటుంబాలకు ఒక అలవాటుంది. ఎవరి పిల్లలైనా సరే, చేతికందిన పిల్లను పట్టుకుంటాం. గుడికెళ్లినా, పెళ్లికెళ్లినా అంతే. ఎవరూ తప్పిపోయింది లేదు, ఏడ్చింది లేదు. ఆ ధీమాతోనే అక్కడా ఉన్నాం.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఉన్నట్టుండి గాలి లేచింది. మంచు అడ్డంగా కొట్టడం మొదలైంది, పక్కనున్న మనిషి కనబడటం లేదు. డ్రైవరు కింద నుంచి హారన్ కొడుతున్నాడు. తలా ఒక ఎర్ర సూటు చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి దిగాం. నా చేతిలో ఉన్నది ఆద్యే అనుకున్నాను. బండిలో కూర్చోబెట్టి మఫ్లరు విప్పితే స్వప్న కొడుకు. మిగతా పిల్లల మఫ్లర్లూ విప్పాం. ఆద్య లేదు.

ఆ తర్వాత ఎంతసేపు వెతికామో తెలియదు. పిలిచి పిలిచి నా గొంతు పోయింది. మా అడుగులు మాకే కనబడకుండా మంచు కప్పేస్తోంది. ఒకచోట రమేష్‌కు ఒక చిన్న బూటు దొరికింది, దాన్నిండా మంచు. కాస్త కింద రెండోది. బూట్లు లేకుండా నాలుగేళ్ల పిల్ల ఆ మంచులో ఎంతసేపు ఉండగలదో లెక్క నాకు తెలుసు. తెలియకపోతే బాగుండుననుకున్నాను.

డ్రైవరు పిలిచాడు. మూసేసిన టీకొట్టు వెనక, టార్పాలిన్ చాటున ఆద్య కూర్చుని ఉంది. ఏడవడం లేదు. సాక్సులు విప్పి పక్కన పెట్టి ఉన్నాయి. కాళ్లు రెండూ దాని ఊలు టోపీలో దూర్చి ఉన్నాయి. ఆ పాదాలు పట్టుకుంటే స్నానం చేయించి తీసుకొచ్చినట్టు వెచ్చగా ఉన్నాయి. నా చేతులే కొయ్యబారి ఉన్నాయి.

"నెక్కొండ అమ్మమ్మ రుద్దింది. అమ్మమ్మ చేతులు సల్లగైనయ్" అంది.

బండిలో సాక్సులు తొడుగుతూ చూశాను. కుడి అరికాల్లో, చిటికెన వేలి కింద, నల్లటి చుక్క. వేలితో తాకితే అంటుకుంది. ఆముదం వాసన. స్వప్న దగ్గరా కవిత దగ్గరా పెన్సిల్ కాటుక తప్ప ఏమీ లేదు, నా దగ్గర అదీ లేదు.

అక్కడి ఆడమనిషి ఎవరో చూసి కాళ్లు రుద్ది ఉంటుందన్నాడు రమేష్. నేనూ అదే అనుకున్నాను. అనుకోవాలని చాలా గట్టిగా ప్రయత్నించాను. పెద్దమ్మ కంగారుపడుతుందని, పాప తప్పిపోయిన సంగతి ఇంటికి చెప్పొద్దని అందరం ఒట్టేసుకున్నాం.

మర్నాడు నెక్కొండ నుంచి పెద్దమ్మ కోడలు, మా వదిన, ఫోన్ చేసింది. నిన్న పగలు అత్తమ్మ ఎండల మంచమేసుకుని పడుకున్నదట. వణుకుతూ లేచిందట. "చేతులు తెల్లగ పాలిపోయినయ్, ఉడుకునీళ్లల్ల పెట్టినా తెలుస్తలేదంటాంది" అంది వదిన.

మేం తిరిగొచ్చేసరికి పెద్దమ్మను వరంగల్ దవాఖానలో చేర్చారు. వేళ్ల కొసలు బొబ్బలెక్కి నల్లబడ్డాయి. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఈమె ఐస్ ఫ్యాక్టరీల ఏమన్న పనిచేస్తదా అమ్మా?" అని అడిగాడు. మాటలో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. షుగరు లేదు, రక్తనాళాల జబ్బు లేదు. కుడిచేతి ఉంగరపు వేలి కొస తీసేశారు. ఆద్యకు ఆమె చుక్క పెట్టేది ఆ వేలితోనే. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

వార్డులో మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను, ఆ పగలు కలేమన్నా వచ్చిందా అని.

"కలేంది బిడ్డా? పండుకున్న, చేతులు సల్లబడ్డయ్. అంతే యాదికున్నది" అంది.

నేను దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. దయ్యమంటే చచ్చిపోయినవాళ్లు కదా, మా పెద్దమ్మ బతికే ఉంది. మరి దీన్ని ఏమనాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ రోజు సాయంత్రం రమేష్ ఆద్యను వార్డుకు తీసుకొచ్చాడు. అది మంచమెక్కి కూర్చుని, ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి కుడికాలు చాపింది. పెద్దమ్మ కట్టుకట్టిన చెయ్యి దుప్పటి మీద పెట్టుకుని, ఎడమచేత్తో ఆ పాదాన్ని తడిమి చూసింది.

"ఇప్పుడు కాళ్లు మంచిగ ఎచ్చగున్నయ్" అంది నాతో. తర్వాత కళ్లు మూసుకుని నిద్రలోకి జారుకుంది.