అందుకునేవాడికీ ఒక మైకు

అమ్మ గొంతులో థైరాయిడ్ గడ్డను తీసేయాలని నెల్లూరు డాక్టరు చెప్పినప్పుడు, ఆపరేషన్ కన్నా చివర్లో ఆయన అన్న మాటే మాకు ఎక్కువ గుచ్చుకుంది. "మాటకు ఇబ్బంది ఉండకపోవచ్చు. పాడే గొంతు మాత్రం మారొచ్చు. ముందే చెప్తున్నా."

ఉదయగిరిలో మా చర్చిలో ఆదివారం పాట ఎత్తేది అమ్మే. తిరుగు బస్సు ఆత్మకూరు దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. "నీ కాడ లాప్‌టాప్ ఉండాది కదా నాయనా. నాలుగు పాటలు పట్టిపెట్టు. మళ్ళీ వచ్చేది ఏం గొంతో."

నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. ఏది కొన్నా ముందు కావలసినవి వరుసగా అనుకోకపోతే నాకు తోచదు. మైకులోని గొంతును లాప్‌టాప్‌కు చేర్చే మిక్సర్ విషయంలోనూ అంతే. ఒకటి, పాడేది ఒక్క మనిషి కాబట్టి ఒక్క మైకుకు చోటుంటే చాలు. రెండు, గొంతు లాప్‌టాప్ చుట్టూ తిరిగి రాకుండా నేరుగా హెడ్‌ఫోన్‌లోకి రావాలి. తన గొంతే తనకు ఆలస్యంగా వినిపిస్తే ఎంత పాడేవాళ్ళైనా తడబడతారు. మూడు, యూఎస్‌బీ వైరుతో కలవాలి. నాలుగు, ఎకో ఉన్నా పూర్తిగా ఆపే వీలుండాలి. ఎకోతో కలిపి పట్టిన గొంతులోంచి దాన్ని తర్వాత ఊడదీయలేం.

ఆత్మకూరులో సౌండు సామాన్లమ్మే కొట్టాయన నా వరుసంతా విని నవ్వాడు.

"ఒక్క మనిషికి మిక్సరేంది తమ్ముడూ? కొంటే పెద్దది కొను. రేపు పెళ్ళిళ్ళకు బాడుగకిచ్చుకోవచ్చు."

"సౌండ్ సెట్ పెట్టటంలా అన్నా. మా అమ్మ పాడతాది, అంతే."

"అమ్మ పాడతాదంటే ఎకో ఉండాల్సిందే మరి!" అని గుండ్రటి మీట చివరిదాకా తిప్పి, మైకులో "హలో" అన్నాడు. ఆ హలో ఎదురు టీకొట్టు దాకా పోయి పోయి ఆగింది. అక్కడున్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. నేను మాత్రం ఉన్నవాటిలో చిన్నది, ఒక్క మైకుదే తీసుకున్నాను. "గీత పడకుండా తెస్తే మార్చిస్తా" అన్నాడు, నేను తిరిగొస్తానని ముందే తెలిసినట్టు.

మధ్య గదిలో కిటికీలు మూసి, దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను ఆపాను. అమ్మ కొప్పు మీద హెడ్‌ఫోన్ సరిగా నిలవక ఒక చేత్తో పట్టుకుంది. మొదటి చరణం ఎత్తింది. ఒక లైను పాడి ఆగి, నా వైపు చూసింది.

"పాడమ్మా."

"పాడినా కదా. అందుకోరా."

మా చర్చిలో పాట అలాగే నడుస్తుంది. ఎత్తేవాళ్ళు ఒక లైను పాడతారు, కూర్చున్నవాళ్ళంతా దాన్నే తిరిగి పాడతారు. అప్పుడుగాని రెండో లైను రాదు. అమ్మ చిన్నప్పటి నుంచి అలాగే పాడింది. మనసులో అందుకున్నట్టు అనుకోమన్నాను. ప్రయత్నించింది. రెండో లైను పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది. నేనే ముందుగా అందుకునే లైన్లు పాడి రికార్డు చేసి, ఆమె చెవిలో వినిపించాను. అవి ఆమె ఆగిన చోట ఆగలేదు, సాగదీసిన చోట సాగలేదు. "ఇదెవుర్రా, నన్ను తరుముకుంటా వస్తాండాడు?" అంది.

మూడోసారి మొదలుపెట్టి ఆగగానే, వసారాలో మంచం మీద పడుకున్న నాయన ఉన్నట్టుండి ఆ లైను గట్టిగా అందుకున్నాడు. శృతి ఆయనది, తాళం ఆయనది. అమ్మ ఫక్కున నవ్వి, ఆ నవ్వులోనే రెండో లైను ఎత్తింది. అదీ అమ్మ గొంతు. కానీ రికార్డులో ఇద్దరూ ఒకే మైకులో కలిసిపోయారు. నాయన గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది.

"నాయనా, కాసేపు ఊరుకో."

"నేనూరుకుంటే మీ అమ్మ పాడదురా. ఎన్నేళ్ళుగా చూస్తాండానో నాకు తెలుసు."

నా వరుసలో మొదటిదే తప్పని అప్పుడు తెలిసింది. మా ఇంట్లో ఒక్కరే పాడటమనేది లేదు. రెండు మైకులు కావాలి. పెద్ద మిక్సర్ అక్కర్లేదు, ఎందుకంటే మామూలు మిక్సర్లు ఎన్ని మైకులు తీసుకున్నా లాప్‌టాప్‌కు పంపేది ఎడమ, కుడి రెండు దారుల్లోనే. అమ్మను పూర్తిగా ఎడమకు, నాయనను పూర్తిగా కుడికి తిప్పితే ఎవరి గొంతు వాళ్ళదిగా మిగులుతుంది. తర్వాత నాయనను ఎంత తగ్గించాలో అంత తగ్గించుకోవచ్చు.

మర్నాడు డబ్బా ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఆత్మకూరు బస్సెక్కాను.

"చెప్పినానా? పెద్దది కావాల్సొచ్చిందా?" అన్నాడు కొట్టాయన.

"రెండు మైకులది చాలన్నా."

"రెండోది ఎవురికి?"

"మా నాయనకు."

"ఆయన గూడా పాడతాడా?"

"పాడడు. అందుకుంటాడు."

ఆయన డబ్బా తిప్పి తిప్పి చూసి, గీతలేవీ లేవని తేల్చుకుని, కొత్తది తీసిచ్చాడు. "ఆయనకైనా ఎకో పెట్టు తమ్ముడూ" అన్నాడు.

రెండో మైకు వైరును తలుపు కింది నుంచి వసారాలోకి లాగాను. నాయన మంచం మీద నుంచి లేవనన్నాడు, మైకునే దిండు మీద పెట్టాను. తలుపు మూసేశాను, అయినా అమ్మ పాట నాయనకు వినబడుతుంది. అమ్మ చెవిలోకి నాయన గొంతు ఏ ఆలస్యం లేకుండా వచ్చేసరికి, ఆమె హెడ్‌ఫోన్ పట్టుకున్న చెయ్యి వదిలేసి కళ్ళు మూసుకుంది. ఇక ఆపింది లేదు. నాలుగు పాటలన్నది ఎనిమిదైంది. లాప్‌టాప్ తెర మీద పైన అమ్మ గీత, కింద నాయన గీత, ఒకటి ఆగిన చోట ఇంకొకటి లేస్తూ పోయాయి. వాటిని రెండు చోట్ల దాచిపెట్టాకే ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాను.

ఆపరేషన్ అయ్యాక అమ్మ మాట బొంగురుగా వచ్చింది. గొంతు నరానికి ఏమీ కాలేదని, బొంగురు తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చాక అమ్మ పాట ఊసెత్తలేదు.

ఒక ఉదయం నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆఫీసు పనిలో ఉన్నాను. అమ్మ గొంతు వినిపించింది. ఏ ఫైలు తెరిచానా అని చూసుకున్నాను. ఏదీ తెరవలేదు. హెడ్‌ఫోన్ తీసి, లేచి వెళ్ళాను. వంటింట్లో వేరుశనక్కాయలు ఒలుస్తూ అమ్మ ఒక లైను ఎత్తింది. పై స్వరం దగ్గర కాస్త గీరుకుంది, అయినా ఎక్కింది. ఎక్కి ఆగింది.

వసారాలోంచి నాయన అందుకున్నాడు.

"అంత మైకు పెట్టినా నీకు శృతి రాలా" అంది అమ్మ. రెండో లైను పాడేసింది. చరణం అయిపోయాక నన్ను చూసి అడిగింది. "ఏందిరా అట్ట నిలబడినావు? ఇది గూడా పట్టినావా?"

"పట్టలేదమ్మా."

"పోనీలే. రేపు గూడా పాడతా గదా."