బాయి వాసన పట్టిన తునకలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మేం మంచిర్యాల దగ్గర బొగ్గు బాయి క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాణ్ని. ఇంటి వెనక ఒక ఇనుప పీపా ఉండేది. బాయి దగ్గర పాత సామానులో పడేసిన దాన్ని బాపు అడిగి తెచ్చి, రెండు మూతలూ కోసేసి, పైన అడ్డంగా చువ్వలు బిగించాడు. కింద కట్టె పెట్టడానికి ఒక నోరు. గాలివానకు కూడా కదలదు. దసరా మేకలో మిగిలిన మాంసాన్ని సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, తీగకు గుచ్చి అందులో వేలాడదీసేవాడు. పైన గోనెసంచి కప్పి రోజంతా సన్నటి పొగ పెట్టేవాడు. ఇచ్చోడ అవతల అడవిలో ఉన్న వాళ్ల ఊరి పని అది. మా లైన్లో ఇంకెవరికీ రాదు, తునకలు మాత్రం అందరికీ కావాలి.

కట్టె విషయంలో బాపుది పరమ చాదస్తం. నల్లమద్ది మొద్దులు చీల్చి చూరు కింద పేర్చి, రెండు ఎండాకాలాలు దాటితే గానీ ముట్టనిచ్చేవాడు కాదు. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి చెవి పెట్టి వినేవాడు. "పొగ కండ్లల్ల మండిందంటే కట్టె పచ్చిగున్నట్టు. గా పొగల తునక కట్టద్దు" అనేవాడు. వంటకు మాత్రం బొగ్గే. వాకిట్లో కుప్ప పోసి మండించి, పొగంతా పోయాక ఆ బొగ్గును పొయ్యిలో వేసుకునేవాళ్లం.

ఒక ఎండాకాలం చివర బాపు దగ్గుతో మంచం పట్టాడు. ఆ దగ్గు ఎక్కడిదో లైన్లో ప్రతి ఇంటికీ తెలుసు. బొగ్గు ముట్టిస్తే చాలు, ఆయనకు ఊపిరి అందేది కాదు. పచ్చికట్టె పొగ ఇంకా చెడ్డది. అందుకని అవ్వా నేనూ చూరు కింది మంచి కట్టె తీసి వండడం మొదలుపెట్టాం. వరసలు వరసలుగా అంతా బువ్వ కిందికే పోయింది. బాపు మంచంలోంచి చూస్తూనే ఉన్నాడు.

వానలు ముదిరేసరికి ఆయన తినడం మానేశాడు. గంజి పోస్తే పెదవుల పక్కనుంచి కారిపోయేది. కడుపులో ఏదన్నా పడకపోతే లాభం లేదని దవాఖానలో చెప్పారు. ఏం తింటావని అవ్వ అడగని పూట లేదు. ఒకరోజు పొద్దున తనంతట తానే అన్నాడు.

"పొగ తునక తినబుద్ధైతుందే. జర చారుల ఏసి ఉడకబెట్టియ్యి."

అవ్వ ముఖం వెలగడం చూస్తే నాకు భయమేసింది. ఆయనకు ఆశ పుట్టిందంటే బతికినట్టే అనుకుంది. ఇచ్చోడ వైపు పోయే మనిషి దొరికితే, ఊళ్లో ఉన్న బాపు అన్నకు, మా పెద్దబాపుకు, తునకలుంటే తెమ్మని కబురు పంపింది. తర్వాత వాగులు పొంగి బస్సులు ఆగిపోయాయని తెలిసింది. ఇక ఆగలేక మేక తొడ తెప్పించింది. మాంసం కోశాం, పీపా కడిగాం. చూరు కింద చూస్తే బెరడు పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు. ఎక్కడ చూసినా తడిసిన కట్టే.

అప్పుడు అవ్వకు బొగ్గు తోచింది. పొగంతా పోయి కణకణలాడే బొగ్గుకు వాసనేముంటుంది? సెగకు, బాపుకు పొగ తగలకుండా దూరంగా ముట్టించి తెచ్చిన బొగ్గు; పొగకు బెరడు పొట్టు. బొగ్గు మధ్యనే బతికే మా ముక్కులకు నిజంగానే ఏ వాసనా తెలియలేదు. పైన రేకు అడ్డం పెట్టి, వానలో తడుస్తూ కాపలా కాశాం. తునకలు ఎర్రగా నిగనిగలాడాయి. నేనొకటి తిన్నాను, బ్రహ్మాండంగా అనిపించింది.

బాపును గోడకు ఆనించి కూచోబెట్టి, అవ్వ మెత్తగా ఉడికిన ముక్క నోట్లో పెట్టింది. కొంచెం నమిలి, అరచేతిలోకి ఊసి, దానివంకే చూస్తూ ఉండిపోయాడు.

"గిది బాయి వాసనొస్తుందే. నోట్లగూడ బాయేనా" అన్నాడు.

"కడిగి మల్ల ఉడకబెడ్త" అంది అవ్వ. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత దేనికీ నోరు తెరవలేదు. ఆ ఒక్క ముక్క మింగితే ఏం పోయేదని నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వారం తిరక్కుండానే ఆయన పోయాడు.

మూడోనాడు బాపు పేర పిట్టకు, అంటే కాకికి, బువ్వ పెట్టడానికి బయలుదేరుతుంటే పెద్దబాపు వచ్చాడు. మోకాళ్లదాకా బురద, చంకలో గుడ్డమూట. తమ్ముడు మంచంలో ఉన్నాడనుకునే, దొరికినకాడికి బండి, లేనికాడ నడక పట్టి వచ్చాడు. ఆయన ఏడుపు సద్దుమణిగాక మూట విప్పితే నల్లమద్ది పొగ వాసన వాకిలంతా నిండింది. బాపు నోటికి ఏం అందలేదో నాకు అప్పుడు తెలిసింది.

విస్తరిలో బువ్వ మీద ఆ తునకలు పెట్టి దూరంగా నిలబడ్డాం. మామూలుగా కాకిని చాలాసేపు బతిమాలాలి. ఆరోజు వెంటనే వాలి, బువ్వ వదిలేసి తునకను ఎత్తుకుపోయింది.

"ముట్టింది, ముట్టింది. ఆయన పానం సల్లవడ్డది" అని అందరూ ఇంటిదారి పట్టారు.

అవ్వ మాత్రం కదల్లేదు.

"పిట్ట తిన్నది. ఆయన తినలే" అంది.