పిచ్చమ్మ గారి ఇంట్లోంచి గొట్టం

ఆదాం ముక్కు చచ్చిపోయి చాలా కాలమైంది. మనసూ అంతేనని భార్య రెబ్కా అంటుంది. రెండూ నిజమే. చిలకలూరిపేట పాత సందుల్లో మరుగుదొడ్ల గుంటల్లోకి దిగి తోడే పని ఒకప్పుడు అతనిది, తమ్ముడు జయరావుది. దిగేముందు ఇంటివాళ్లు క్వార్టర్ సీసా చేతిలో పెట్టడం అక్కడి మర్యాద. మర్యాదట, దాని మొహం! తాగకపోతే ఏ మనిషి దిగుతాడు?

మూడేళ్ల కిందట, పత్తి తీతల రోజుల్లో, పిచ్చమ్మ గారి దొడ్లో గుంట నిండింది. అప్పటికే ఊళ్లోకి గొట్టంతో పీల్చే లారీ వచ్చింది. సందులో లారీ పట్టదు, బజార్లోనే ఆగాలి. దొడ్డివైపు నుంచి తిప్పితే గొట్టం అందదు. ముందుగది, వంటిల్లు మీదుగా వేస్తే సరిపోతుంది. ఆ కంపు గొట్టం నా పొయ్యి పక్కనుంచా అని పిచ్చమ్మ గారు ససేమిరా అంది. లారీ తిరిగిపోయింది. జయరావు సీసా ఖాళీ చేసి దిగాడు. లోపలి విషపు గాలి తగిలి మళ్లీ పైకి రాలేదు. శవాన్ని కూడా దొడ్డిగుమ్మంలోంచే తీసుకుపోయారు. ఆదాం ఏడవలేదు. ఏడుపు రాలేదంతే. ఇక గుంటలోకి దిగనని రెబ్కాకు మాటిచ్చి, ఆ లారీ మీదే గొట్టం పట్టే పనికి చేరాడు.

ఇప్పుడు మళ్లీ అదే గుంట నిండింది. డ్రైవరు ఇమాం హుస్సేన్ బజార్లో గొట్టం దింపుతుంటే, ఆదాం కబురు చెప్పడానికి దొడ్డిగుమ్మం దగ్గరికి వెళ్లాడు. పిచ్చమ్మ గారు సీసాతో ఎదురొచ్చింది. సీసా చూడగానే అతనికి సంగతి అర్థమైంది.

"అలవాటైనవాడివేగా, నువ్వు దిగరా ఆదాం. గొట్టం ఇంట్లోకి వద్దు."

"నేను దిగనమ్మా."

"మరెవరు దిగుతారు?"

"ఎవరూ దిగరు. గొట్టమన్నా రావాలి, గుంటన్నా పొంగాలి. మా జయరావు ఇందులోనే గదమ్మా పోయింది."

అతని గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. పిచ్చమ్మ గారు నిండిన గుంట వంకా, అతని వంకా చూసి, సీసా గోడ మీద పెట్టింది. లోపలికెళ్లి చాప చుట్టేసి, ఎండుమిరపకాయల బస్తా పక్కకు జరిపి, వీధి తలుపు తీసింది.

గొట్టం ముందుగది దాటి, పొయ్యి పక్కనుంచి దొడ్లోకి వచ్చింది. బజార్లో లారీ గుర్రుమంది. నేల మీద చుక్క పడలేదు. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు గుంట అడుగు కనిపించింది.

పిచ్చమ్మ గారు వచ్చి తొంగిచూసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతేనమ్మా" అన్నాడు ఆదాం, గొట్టం చుట్టుకుంటూ.