చౌడప్ప పోసిన కొండ

మా మామ చౌడప్పకు కొండలంటే భక్తీ లేదు, భయమూ లేదు. ఒక మేస్త్రీ ఇంకో మేస్త్రీ కట్టిన గోడను ఎట్లా చూస్తాడో, ఆయన కొండను అట్లా చూస్తాడు. మంగంపేట వైపు ఒక ముగ్గురాయి గనిలో ఇరవై తొమ్మిదేళ్లు టిప్పర్ తోలాడు. ముగ్గురాయి తీయాలంటే పైన కప్పుకున్న పనికిరాని మట్టీ బండా ముందు తీసి ఎక్కడో పారబోయాలి. ఆ పారబోయడమే ఆయన ఉద్యోగం. రోజుకు పద్దెనిమిది ట్రిప్పులు. చేరిన రోజున అక్కడ కందిచేను ఉండేదట. రిటైరయ్యే నాటికి నూటపది అడుగుల దిబ్బ లేచింది. అందుకని ఆయన దృష్టిలో కొండ అంటే ఎవరో ఒకరు పోసింది. దేవుడు పోశాడా, కాంట్రాక్టరు పోశాడా అన్నది చిన్న విషయం.

నేను కడపలో సోషల్ టీచర్ని. నల్లమల, ఎర్రమల, పాలకొండలు, శేషాచలం అని పదిహేనేళ్లుగా పిల్లల చేత వల్లె వేయిస్తున్నాను గానీ, ఒక్కదాని మీదా కాలు పెట్టిన పాపాన పోలేదు. పోయిన నవంబరులో పాత కారొకటి కొన్నాను. కారు కొన్నవాడు ఆదివారం ఇంట్లో కూర్చుంటే వీధిలో పరువేముంటుంది? పొద్దున బయలుదేరి, ఒక కొండ ఎక్కి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరే ట్రిప్పు వేద్దామన్నాను. మామ రిటైరైనప్పటి నుంచి ఆయన, అత్త గురమ్మ మా ఇంట్లోనే ఉంటున్నారు.

అప్పటికి నాకు తెలియని సంగతి ఒకటుంది. దిబ్బలో కలిసిపోయిన ముగ్గురాయి ముక్కలకు గిరాకీ వచ్చిందని, సోమవారం నుంచి దాన్ని తవ్వి ఎత్తుకుపోతారని మామకు పాత స్నేహితుడొకడు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన ఆ దిబ్బను వేలసార్లు ఎక్కాడు, ప్రతిసారీ టిప్పర్లోనే. డ్యూటీలో బండి దిగకూడదు. నడిచి ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఈ ఆదివారం దాటితే ఎక్కడానికి దిబ్బ ఉండదు.

ఆ మాట నోరు తెరిచి చెబితే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. కానీ మా వైపు మామ అల్లుణ్ణి ఏదీ అడగడు. అల్లుడు ఏదైనా అడగొచ్చు, అలగొచ్చు కూడా. మామ అడిగితే పరువు తక్కువ. అందులోనూ మట్టి దిబ్బ కోసం. కాబట్టి ఆయన ఇంకో దారి పట్టాడు. నేను చెప్పిన ప్రతి కొండనూ కొట్టేయడం.

శనివారం సాయంత్రం నేను పేపరు మీద గళ్లు గీసి, ఫోన్లో చూస్తూ, ఏ కొండకు ఎంత నడక, ఎంత ఎత్తు, ఎన్ని నక్షత్రాలు అని నింపుకుంటూ కూర్చున్నాను. మొదట గండికోట అన్నాను.

"ఆదివారం పడమటికి పోరాదు, శూల గదప్పా," అన్నాడు మామ.

"ఈ కాలంలో శూలేంది మామా?"

"సరే, శూల ఇడిచిపెట్టు. ఆడ కొండను నడిమధ్యకు చీల్చినారు గదా, ఆ మట్టంతా యాడ పోసినారు? చెప్పు."

పదిహేనేళ్ల సర్వీసులో ఏ పిల్లవాడూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. గండికోట కొట్టేశాను. అహోబిలం అన్నాను.

"రాళ్లు పగలగొట్టకుండా అట్లే పోసేసినారు. అది పని కాదు."

"స్వామి కొండను అట్ల అనొద్దు," అంది అత్త చెంపలు వేసుకుంటూ.

"స్వామిని ఏమీ అనలేదు మే. ఆయన కింద పనిచేసినోళ్లను అంటాండా."

శ్రీశైలం దారిలో బండి తిప్పుకోను జాగా లేదన్నాడు. లంకమలలో చెట్లు శానా ఎక్కువైనాయి, వాలు కనపడదన్నాడు. నాకు తిక్క రేగింది. గళ్ల పేపరు ఉండ చుట్టి మూలకు విసిరాను.

"యాడికి పోవల్లనో నువ్వే చెప్పు మామా. నా వల్ల కాదు."

"నాదేముందప్పా, మీరు యాడికంటే ఆడికే," అని ఆయన ఫ్యాను వైపు చూస్తూ, "రాజంపేట పక్క రోడ్డు బాగుండాదంటాండారు," అన్నాడు.

నా భార్య యామిని ఫోన్ లాక్కుని రాజంపేట దాటి చూసింది. మంగంపేట పక్కన ఎవరో కాలేజీ పిల్లలు ఒక గుర్తు పెట్టారు. వ్యూ పాయింటట. నడక ఒకటింపావు కిలోమీటరు, సులువు, నాలుగు నక్షత్రాలు. కింద ఒకే ఒక్క అభిప్రాయం: 'గాలి బాగుంది. నీడ లేదు.'

"నాయనా, ఇది నీ దిబ్బ గదా?"

"నా దిబ్బ యాడిది, కంపెనీది," అన్నాడు. కానీ కుర్చీ ముందుకు జరిగింది.

"మట్టి దిబ్బ ఎక్కను డెబ్భై కిలోమీటర్లు పోవల్లనా?" అన్నాను.

అప్పుడు అత్త నోరు విప్పింది. "సోమవారం నుంచి తీసేస్తారంటప్పా. మూడు రోజులాయె, ఆయప్ప సరింగా అన్నం తినలేదు."

మూడు రోజులుగా నేను ఆయనకు ఎదురుగా కూర్చునే తింటున్నాను. కొండల ఎత్తులు చూస్తున్నాను గానీ ఆయన కంచం చూడలేదు. సిగ్గేసింది.

పొద్దున్నే బయలుదేరాం. మామ ఒక గుడ్డసంచి కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఏముందని అడిగితే, దారిలోకి అన్నాడు. అత్త మాత్రం రాజంపేట దాకా ఒకటే గొడవ, ఊరగాయ జాడీ మీద బరువు పెట్టే రాయి కనపడలేదని.

గేటు దగ్గర వాచ్‌మన్ బసవన్న అడ్డం వచ్చాడు. ట్రెక్కింగ్‌కు వచ్చామన్నాను.

"ఏంటికి సార్? ఈ దిబ్బకా?"

"నాలుగు నక్షత్రాలు ఇచ్చినారు," అని ఫోన్ చూపించాను. అతను ఫోన్నీ దిబ్బనూ మార్చి మార్చి చూశాడు. ఇంతలో కారులోంచి మామ, "రెండుసార్లు హారన్ కొట్టప్పా," అన్నాడు. కొట్టాను. బసవన్న వంగి చూసి, "చౌడన్నా," అని మారు మాట్లాడకుండా గేటు తెరిచాడు.

మోకాళ్ల నొప్పులని మా ఇంట్లో మూడు మెట్లెక్కడానికి మూలిగే అత్త, ఆ దిబ్బను ఎక్కడా ఆగకుండా ఎక్కింది.

"లోడు బండి ఎక్కే వాలు మే," అన్నాడు మామ. "నొప్పి యాడొస్తాది?"

దారి పొడుగునా చూపిస్తూనే ఉన్నాడు. ఇది పెద్ద వాన వచ్చిన ఏడు పోసింది. ఇది యామిని పుట్టిన వారం పోసింది, ఆ వారం రెండు ట్రిప్పులు తక్కువ. యామిని ఆ మట్టిని చేత్తో తాకి చూసింది. అవతలి వైపు కింద రెండు పొక్లెయిన్లు సోమవారం కోసం సిద్ధంగా నిలబడి ఉన్నాయి. ఆయన వాటి వైపు చూడలేదు.

పైన గాలి బాగుంది. నీడ లేదు. మామ సంచి చంకన పెట్టుకుని, అంచు వైపు వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఎనక నిలబడి చెప్పప్పా. చూడకుండా రివర్స్ పోరాదు."

అరవై ఏడేళ్ల మనిషి నడినెత్తి ఎండలో వెనక్కి నడుస్తుంటే, ఎమ్మే బీఈడీ చదివిన నేను చెయ్యి ఊపుతూ "రానీ, రానీ" అంటున్నాను. యామిని వీడియో తీయబోయి మానేసింది. నాకు నవ్వు రావాలి. రాలేదు. అంచున మోకాలెత్తు మట్టికట్ట ఒకటుంది. టిప్పర్ అంచు దాటకుండా తానే వేసిన కట్ట. మడమ దానికి తగలగానే, నేను ఆగమనక ముందే ఆగాడు. వెనక్కి తిరిగి చూడకుండానే సంచి భుజం మీదుగా వంచాడు. నాలుగు ముగ్గురాళ్లు దొర్లుకుంటూ కిందికి పోయాయి.

"అది నా జాడీ మీది రాయి," అంది అత్త.

"ఈడివే మే. డ్యూటీ రోజుల్లో ఇంటికి తెచ్చుకున్నెవి. ఆఖరు ట్రిప్పుకు లోడు ఉండల్ల గదా."

ఖాళీ సంచి రెండుసార్లు దులిపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర అక్కడే కూర్చుని తిన్నాం. రెండుసార్లు పెట్టించుకున్నాడు.

తిరుగుదారిలో యామిని, "నువ్వెన్ని నక్షత్రాలు ఇస్తావు నాయనా?" అంది. మన పనికి మనమే మార్కులు వేసుకోకూడదన్నాడు.

రాజంపేట దాటాక ఎడమ పక్క పాలకొండలు పొడుగ్గా కనిపించాయి. ఆయన్ని మాట్లాడిద్దామని, "అవెట్లుండాయి మామా?" అన్నాను. అద్దం దించి చూశాడు.

"బాగనే పోసినారు. తొందరపడకుండా, శానా ఏండ్లు పోసినారు."

కొంచెం దూరం పోయాక మళ్లీ అటే చూస్తూ అన్నాడు. "ఆ పోసినాయప్ప ఒక్కసారన్నా దిగి, నడిచి ఎక్కినాడో లేదో, పాపం."

అత్త ఆయనకు మజ్జిగ సీసా అందించింది.