ఐర్లండు బావామరదళ్లు

సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో ఐర్లండు మధ్యాహ్నం మొదలవుతుంది. వాళ్లకి అప్పుడు భోజనాల వేళ. ఒక ఛానల్లో వార్తలు, ఇంకోదాంట్లో వంట. బ్రిటన్ ఛానల్ పెడితే ముసలివాళ్లు అటక మీది పింగాణీ సామాను దించుకొచ్చి, దీని వయసెంత, విలువెంత అని అడుగుతుంటారు. నేను వీటన్నిటి కింద పరుగెత్తే అక్షరాలు చదువుతాను. అదే నా ఉద్యోగం. వినికిడి లేనివాళ్ల కోసం తెర మీద వేసే మాటలూ, మనుషులు నిజంగా అన్న మాటలూ ఒకటేనా కాదా అని చూసి, తేడా కనిపిస్తే టైముతో సహా రాసి ఆఫీసుకి పంపాలి. ఎనిమిదిన్నర దాకా ఇదే పని.

నేనుండేది విజయవాడ వన్ టౌన్‌లో, ఒక బట్టల గోడౌను పైన రెండు గదుల వాటాలో. కింద తోపుడు బళ్లు, ఆటోలు, బేళ్లు దించే కేకలు. హెడ్‌ఫోన్లు పెట్టుకోకపోతే ఒక్క ముక్క వినపడదు. అయినా ఏడాదిన్నర పాటు నేను అవి పెట్టుకోలేదు. లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి, సౌండు పెంచి పెట్టేదాన్ని. పక్కన మా అత్తయ్య కూర్చునేది మరి.

అత్తయ్య అంటే మా నాన్న అక్క. నేను పుట్టినప్పుడు మేనత్త. ఇరవై నాలుగేళ్లకి ఆవిడ కొడుకుని, అంటే మా బావని, చేసుకున్నాక అత్తగారు. ఆరేళ్ల తర్వాత మేం విడాకులు తీసుకున్నాక ఏమవుతుందో నాకు తెలియలేదు. కోర్టు కాగితం నన్నూ బావనీ ఒకరికొకరు ఏమీ కాకుండా చేసింది గానీ, అత్తయ్య సంగతి అందులో ఎక్కడా రాయలేదు. నేను రెండుసార్లు చదివి చూశాను. అమ్మా నాన్నా పోయాక నాకున్న పెద్దదిక్కు ఆవిడే. ఆ దిక్కు నాకింకా ఉన్నట్టా, లేనట్టా? ఆ రోజుల్లో నాకున్న భయమల్లా అదొక్కటే.

కాగితాలు వచ్చిన పదో రోజు సాయంత్రం ఆవిడ మెట్లెక్కి వచ్చింది. రెండు వీధుల అవతలే వాళ్ల ఇల్లు. బావ అప్పటికే గుంటూరు మకాం మార్చేశాడు, మామయ్య పోయి చాలా కాలమైంది, ఆవిడ ఒక్కతే ఉండేది. చేతిలో సంచీ, సంచీలో కొంగులకి కుచ్చులు కట్టాల్సిన చీరలు. పుట్టింటా మెట్టినింటా మగ్గాలూ బట్టల కొట్లే చూసిన మనిషి, చేతులు ఖాళీగా ఉంచుకోవడం రాదు.

"మీ ఇంట్లో ఫ్యాను బాగా తిరుగుతుందంటగా. మా ఇంట్లోది మూలుగుతుందే" అంది.

ఎవరన్నారో అడగలేదు. రమ్మని కూడా అనలేదు. నాకు వాళ్లందరి మీదా కోపం ఇంకా అలాగే ఉంది. వచ్చావుగా, కూర్చో, అన్నాను. ఆవిడ కూర్చుంది.

మర్యాద కోసం తెలుగు సీరియల్ పెట్టాను. అందులో ఒక అత్తగారు కోడలి పాయసంలో ఏదో కలుపుతోంది. ఠక్కున మార్చాను. ఆ పక్క ఛానల్లో మొగుడు పెళ్లాం మొహాన విడాకుల కాగితాలు విసురుతున్నాడు. ఆ కాగితాలు మూడుసార్లు, మూడు వైపుల నించి ఎగిరాయి. ఆవిడ కుచ్చు ముడి వైపే చూస్తోంది, నేను రిమోటు వైపు. తెలుగులో మా ఇద్దరికీ కలిపి చూడ్డానికి పనికొచ్చే కార్యక్రమం ఒక్కటీ లేదు. చివరికి విసుగొచ్చి నా ఆఫీసు పనే తెర మీద పెట్టేశాను. కొండవాలు, గొర్రెలు, వాన.

"ఇదేదో పచ్చగా ఉంది. ఉండనీ" అంది అత్తయ్య.

అలా మేం ఐర్లండు వెళ్లిపోయాం. రోజూ ఆరింటికి సంచీతో వచ్చేది, ఎనిమిదింటికి వెళ్లిపోయేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, అభిప్రాయాలకి మాత్రం లోటు లేదు. "అంత తడి నేలని గడ్డికి వదిలేశారేమే? ఇంత వరి వేసుకోవచ్చుగా" అనేది. పింగాణీ ప్లేట్ల ముసలాయన్ని చూసి "నాయనమ్మ కంచాలు అమ్ముకునే ఖర్మేంటి పాపం, పిల్లలు చూడట్లేదేమో" అని జాలిపడేది. వార్తలు చదివే ఆవిడ కోటు చూసి, అది చేనేతా మిల్లుదా అని నన్ను అడిగేది. నేనేం చెప్పినా నమ్మేది కాదు, లేచి తెర దగ్గరికెళ్లి చూసి వచ్చేది. వాతావరణం చెప్పేటప్పుడు మాత్రం బుద్ధిగా వినేది. "ఇవాళా వానేనా?" "వానే." "బట్టలెలా ఆరతాయే వాళ్లకి?"

ఒక్క నియమం ఉండేది, ఇద్దరం ఎప్పుడూ చెప్పుకోనిది. బావ మాట ఎత్తకూడదు.

ఏడాది దాటాక, మధ్యాహ్నం పూట వాళ్లొక పాత సీరియల్ మళ్లీ వేయడం మొదలుపెట్టారు. ఐర్లండులో ఏదో సముద్రం ఒడ్డు పల్లె. ఎర్రజుట్టు పిల్ల ఒకతి, పడవ నడిపే కుర్రాడొకడు. మొదటి రోజే అత్తయ్య అడిగింది, "ఆ పిల్ల ఈ పిల్లాడికి ఏమవుతుందే?" ఏ మనిషి ఎవరికేమవుతారో తేలనిదే మావాళ్లు ఏ కథా చూడలేరు. కింద అక్షరాల్లో కజిన్ అని పడింది. ఆ మాటకి తెలుగు లేదు. అన్నో, చెల్లో, బావో, మరదలో, ఏదో ఒకటి తేల్చుకుంటే గానీ నోట్లోంచి మాట రాదు. నేనప్పుడు ఇంకో తప్పు రాసుకునే తొందరలో ఉన్నాను. నోటికొచ్చింది అనేశాను.

"బావామరదళ్లు."

అంతే, ఆవిడ ఆ ఇద్దరికీ పెళ్లి నిశ్చయం చేసేసింది. వాళ్లు చేపలు దించుతుంటే చూడముచ్చటగా ఉన్నారంది. ఆ పిల్ల వేరే ఎవడితోనో కాఫీ తాగితే "ఇంట్లో మేనరికం పెట్టుకుని బయటోడితో తిరుగుళ్లేంటే దీనికి?" అని తిట్టింది. నాకు ఒళ్లు మండేది. మేనరికం ఎంత బాగా అచ్చొచ్చిందో నన్ను చూసైనా తెలియదా ఈవిడకి అనుకునేదాన్ని. పైకి మాత్రం అనలేదు. అంటే ఆవిడ సంచీ సర్దుకుని వెళ్లిపోతుందని, మళ్లీ రాదని భయం. నిజం చెప్పాలంటే మధ్యాహ్నం మూడింటి నించే నేను మెట్ల మీద చప్పుడు కోసం చూసేదాన్ని.

నాలుగు నెలలు గడిచాయి. ఆ సీరియల్లో పిల్ల తాతగారు పోయాడు. వాళ్ల పద్ధతిలో శవపేటికని హాల్లోనే పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ టీలు ఇస్తున్నారు. శవం ఇంట్లో ఉండగా ఆ తినడం ఏమిటని అత్తయ్య గొణిగింది. తర్వాత ఇద్దరు మగవాళ్లు పేటికకి చెరోవైపు నిలబడి ఏడ్చారు. ఒకాయన ఎర్రజుట్టు పిల్ల తండ్రి. ఇంకొకాయన పడవ కుర్రాడి తండ్రి. ఇద్దరూ నాన్నా అనే పిలిచారు. నేను చూశాను, చూసీ మాట్లాడలేదు.

ఆవిడ చేతిలో కుచ్చు ఆగింది.

"ఆ ఇద్దరూ ఆయన కొడుకులే కదే?"

"అలాగే ఉన్నారు."

"అన్నదమ్ముల పిల్లలా? అయితే వీళ్లు అన్నాచెల్లెళ్లేగా! ఛీ ఛీ. నాలుగు నెలల నించి నాచేత ఎంత పాపిష్టి మాట అనిపించావే! వరస తప్పు చెప్తావా?"

నాకు నవ్వాగలేదు. విడాకుల తర్వాత నేను అంత నవ్వడం అదే మొదటిసారి. ఆవిడ కూడా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తెర మీద మట్టి వేస్తున్నారు, వాన పడుతోంది. ఆవిడ అటే చూస్తూ అంది.

"పోన్లే. వరస కుదరకపోవడమే మంచిదైంది వాళ్లకి. వరస కుదిరింది గదా అని మేం చేసిందేంటి?"

నేను సౌండు తగ్గించాను.

"వాడు వద్దన్నాడే. పెళ్లికి ముందే అన్నాడు. చిన్నప్పటి నించి ఒక్కచోట పెరిగాం, నాకా ఉద్దేశం లేదమ్మా అని కాళ్లు పట్టుకున్నాడు. నేనే వినలా. నా తమ్ముడి కూతురు పరాయింటికి పోవడమేంటి, నా దగ్గరే ఉండాలనుకున్నా. నీతో చెప్పలా."

ఆరేళ్లు నాలో ఏం లోపముందో అని అద్దంలో వెతుక్కున్నాను. ఆ మాట పెళ్లికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే! కోపం వచ్చింది. అంతకంటే ఇంకో ఆలోచన ఎక్కువ బాధపెట్టింది. ఈవిడ ఏడాదిన్నరగా రోజూ వచ్చింది నా మీద ప్రేమతో కాదేమో, తప్పు చేశానన్న బాధతోనేమో. అదే అడిగేశాను. "అందుకేనా రోజూ వస్తున్నావ్?"

ఆవిడ చాలాసేపు దారం చిక్కు తీసింది. "మొదట్లో అందుకే వచ్చా. తర్వాత తర్వాత గొర్రెల కోసం" అంది.

గుంటూరు వెళ్లిపోతున్నానన్న సంగతి కూడా ఆ రోజే చెప్పింది. బావ మళ్లీ పెళ్లి చేసుకున్నాడని నాకు తెలుసు. ఇప్పుడు ఆ అమ్మాయికి ఏడో నెల. ఇల్లు అద్దెకిచ్చేసి, ఇక అక్కడే ఉంటుంది. వెళ్లే రోజు బస్టాండుకి నేనే ఆటోలో తీసుకెళ్లాను. దారంతా బింకంగా ఉన్నాను, బస్సు దగ్గర మాత్రం ఆగలేకపోయాను.

"ఇప్పుడు ఆ అమ్మాయి కూడా నిన్ను అత్తయ్యా అనేగా పిలుస్తుంది. మరి నేనేమవుతాను నీకు?"

"నీకు చదువుకున్న బుద్ధి లేదే" అంది, బస్సు మెట్టు మీద నించుని. "మేనకోడలివి. కోడలన్నది మధ్యలో వచ్చింది, మధ్యలో పోయింది. మేన అన్నది ఎక్కడికి పోతుంది?"

ఆ మాట పట్టుకుని నేను పదిహేను రోజులు బతికాను. ఆవిడ దగ్గర్నించి ఫోను రాలేదు. నేను చేయలేదు, ఎవరెత్తుతారో అని. గుంటూరు ఇక్కడికి గంట ప్రయాణం. అదే ఏ దుబాయో అయితే దూరమని సరిపెట్టుకునేదాన్ని. మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. అవి పెట్టుకుంటే గదిలో ఎవరూ లేరన్నది మరీ తెలుస్తుంది. తెర మీద వాన వచ్చినప్పుడు పక్కకి తిరిగేదాన్ని, వానే అని చెప్పడానికి.

పదహారో రోజు ఆరుంబావుకి తెలియని నంబరు నించి ఫోను వచ్చింది. వెనక తెలుగు సీరియల్ డప్పులు.

"హలో, బాగున్నారాండీ?"

రాంగ్ నంబరేమో అనుకున్నాను. తర్వాత గొంతు పోల్చుకున్నాను. "అత్తయ్యా?"

"ఆఁ, నేనేనండీ. బాగున్నానండీ. కుచ్చుల చీరలు మీ దగ్గరే ఉండిపోయాయండీ, వీలు చూసుకుని పంపండీ."

నేను పుట్టినప్పటి నించి నన్ను ఏమే, ఒసే తప్ప ఇంకోలా పిలవని మనిషి. గదిలో ఎవరో ఉన్నారు. బావో, ఆ అమ్మాయో. ఆ ఇంట్లో నాతో మాట్లాడాలంటే నన్ను చీరలవాళ్లని చేయాలి. నాకు అర్థమైంది. పంపుతానండీ, అన్నాను.

"ఇంకేంటండీ," అంది ఆవిడ కాస్త తగ్గి, "మీ పక్కింటి పిల్ల సంగతి ఏమైందండీ?"

నాకు పక్కిల్లు లేదు. ఒక వైపు గోడౌను, ఇంకో వైపు రోడ్డు. తెర మీద ఎర్రజుట్టు పిల్ల కనిపించాక గానీ తట్టలేదు.

"ఊరు వదిలి వెళ్లిపోతోందండీ" అన్నాను. "ఇప్పుడే ఓడ ఎక్కింది. ఆ కుర్రాడు రేవు దాకా వచ్చాడండీ."

"అన్నేగండీ, వస్తాడు. ఏడుస్తోందాండీ?"

"ఏడుస్తోందండీ."

"ఏడవొద్దని చెప్పండి" అంది. డప్పులు ఆగాయి, ఎవరో ఆవిణ్ణి పిలిచారు. "ఉంటానండీ."

"మంచిదండీ" అన్నాను.

ఫోను పెట్టేసరికి ఓడ వెళ్లిపోయింది, వార్తలు మొదలయ్యాయి. ఆ నాలుగు నిమిషాల్లో కింద అక్షరాల్లో ఏం తప్పులు పోయాయో నేను చూడలేదు. ఆఫీసుకి తప్పులేమీ లేవని రాసి పంపేశాను.