మూడు మూటలు దాచిన పెద్దత్త

మా పెద్దత్త పోయిందన్న కబురు నాకు మొయినాబాద్ బడిలో తెలిసింది. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "పెద్దమ్మ పొద్దుగాల లేవనే లేదు. పోయింది" అన్నాడు. బస్సెక్కి చేవెళ్లకు వచ్చేసరికి మా విత్తనాల దుకాణం ముందు కుర్చీలు వేశారు. ముందు కుర్చీలో మా దూరపు బంధువు ఒకావిడ కూర్చుని, "పుణ్యాత్మురాలు. ఎవ్వల్ని ఒక్క మాట అనలె" అంటోంది. ఏ శుభకార్యంలోనూ పెద్దత్తను ముందు వరసకు రానివ్వని నోరే అది. అయినా ఎవరినీ ఏమీ అనకపోవడమేమిటి? మా పెద్దత్త అందరినీ అనేది. ఆమె నాకు నచ్చిందే అందుకు.

మొదట్లో నచ్చలేదు. మనిషి పోయిందని ఈ మాట దాచడం నాకు చేతకాదు. ఆమె మా అత్తమ్మకు సొంత అక్క. ముడిమ్యాలలో భర్త చనిపోయాక, పిల్లలు లేక, చెల్లెలింట్లో వచ్చి ఉంది. తంబాకు పొడి వేలితో పళ్లకు రుద్దుకునేది. అదే చేత్తో నా తల నిమరబోతే వెనక్కి జరిగేదాన్ని. చదువు రాదు. గుర్తుంచుకోవలసినది ఏదైనా సరే గుడ్డకు ముడి వేసేది. బర్రె చూడి కట్టి ఎన్ని నెలలైందో ఆమె కొంగు చూస్తే తెలిసేది.

నాకు రెండేళ్లలో మూడుసార్లు కడుపు పోయింది. మూడూ మూడో నెల నిండకముందే. మేం వెళ్లిన దవాఖానలో ప్రతిసారీ ఒకటే మాట: "మామూలే, మళ్ల చూద్దాం." ఎందుకు పోయిందని ఎవరూ వెతకలేదు. ఇంట్లో మా అత్తమ్మది ఇంకో పట్టింపు. పోయిన కడుపు కాగితాలు ఇంట్లో ఉంటే రాబోయేదాన్ని కూడా పిలుచుకుపోతాయట. స్కాను, రక్తపరీక్షలు, మందుల చీటీలు అన్నీ సంచిలో వేసి, "అక్కా, వాగుల పారేసి రాపో" అని పెద్దత్త చేతికిచ్చేది. వెనకనే గడపలో పసుపునీళ్లు చల్లేది. డిగ్రీ చదివి పిల్లలకు సైన్సు చెప్పే నేను మూడుసార్లూ నోరు మూసుకుని చూశాను. అందరినీ అసహ్యించుకునేటప్పుడు నా వంతు అసహ్యం కూడా నాకు తీసిపెట్టుకుంటాను.

మూడోది పోయిన కొన్నాళ్లకు మా చిన్నమామ కోడలికి అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో శ్రీమంతం చేశారు. గాజుల పళ్లెం పట్టుకుని నేను ముందుకు వెళ్తుంటే, ఇందాక చెప్పిన బంధువులావిడే నవ్వుతూ నా చేతిలోంచి పళ్లెం తీసుకుంది. "నువ్వు జర కూసో తల్లీ, అలిసినట్టున్నవ్" అంది. నేనేమీ అలసిపోలేదు. చివరి వరసలో కూలర్ పక్కన పెద్దత్త ఒక్కతే ఉంది. పక్క కుర్చీ కొంగుతో తుడిచి, "రా బిడ్డా, మన వరుస గిదే. గాలన్న మంచిగొస్తది" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ రోజు వాళ్లు పెట్టిన బగారన్నం నాకు ముద్ద దిగలేదు. పెద్దత్త మాత్రం నా వాటా కూడా తినేసింది.

బడిలో నాతో పనిచేసే టీచరమ్మ చెబితే చివరికి పట్నంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఇలా వరసగా పోయేవాళ్లనే ఆమె ఎక్కువగా చూస్తుంది. "ఎన్నో వారంలో పోయింది? గుండె కొట్టుకోవడం కనిపించిందా? పాత రిపోర్టులేవి?" అని అడిగింది. నా దగ్గర ఒక్క కాగితం లేదు. వాగులో పారేశామని చెప్పేటప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి పెద్దత్త దగ్గర ఆ మాటే చెప్పి ఏడ్చాను. ఆమె లేచి, విత్తనాల బస్తాలు పెట్టే గోదాంలోకి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో మూడు గుడ్డ మూటలున్నాయి.

"పారెయ్యమంటే పారేస్తనా? దానికి మతి లేదు, నాకు లేదా? గిది మొదటిది, ఒక్కటే ముడి. గిది రెండోది. గిది మొన్నటిది."

"ఎందుకు దాచినవ్ అత్తా?"

"నాకు అయిదు పోయినయ్ బిడ్డా. ఒక్కదానికి కాయితం లేకపాయె. కడుపులున్నయంటె గూడ ఎవ్వలు నమ్మలె. గొడ్డుదన్నరు, అయిపాయె. నీకట్ల గావద్దని దాచిన."

మూటలు విప్పితే కాగితాలన్నీ తంబాకు వాసన. ఆమె తల నిమరబోతే, ఆ రోజు నేను వెనక్కి జరగలేదు.

ఆ కాగితాల మీది తేదీలు చూసి డాక్టరమ్మ వారాలు లెక్కపెట్టింది. ఇద్దరికీ రక్తపరీక్షలు రాసింది. అక్కడే ఒక కౌన్సెలరమ్మ, "సరిగ్గా ఏడ్చారా ఎప్పుడైనా?" అని అడిగింది. పెద్దత్త తర్వాత నా ఏడుపును పట్టించుకున్నది ఆమె ఒక్కతే.

పరీక్షలు ఇద్దరికీ అనేసరికి మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. "నాకెందుకే? మోసేది నువ్వు గదా" అన్నాడు. ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన మీద నాకు రోత పుట్టింది ఆ ఒక్క క్షణమే. కానీ గట్టిగా పుట్టింది. నేను నోరు తెరిచేలోపే పెద్దత్త అందుకుంది.

"ఏందిరా, రైతొచ్చి మొలక రాలేదంటె నువ్వేం జేస్తవ్?"

"విత్తనం తడిగుడ్డల కట్టి సూస్త."

"ఎందుకు? నీ భూమే మంచిగ లేదు పోరా అనవైతివి? దుకాణంల ఉన్న ఇమానం, న్యాయం ఇంట్ల లేదా నీకు?"

మర్నాడు ఆయన నాతో వచ్చి రక్తం ఇచ్చాడు.

ఇంటివైపు ఎవరికైనా ఇలా అయిందా అని డాక్టరమ్మ అడిగితే అక్కడినుంచే అత్తమ్మకు ఫోన్ చేశాం. "మా తరఫున అసొంటియి ఏం లేవు" అని టక్కున పెట్టేసింది. అయిదు కడుపులు పోయిన అక్కను పక్కనే పెట్టుకుని అన్న మాట అది. పెద్దత్త సంగతి నేనే చెబితే డాక్టరమ్మ రాసుకుంది. "రిపోర్టొస్తే నాకు సదివి చెప్పాలె, నాయి గూడ ఎందుకు పోయినయో తెలుస్తదేమో" అంది పెద్దత్త, మేం ఇంటికొచ్చాక. రోజూ నేను బడినుంచి రాగానే, "వచ్చిందా?" అని అడిగేది. అది రాకముందే ఆమె పోయింది.

ఆమె పోయిన పది రోజులకు రిపోర్టు వచ్చింది. మా ఆయన క్రోమోజోముల్లో రెండు ముక్కలు ఒకదాని చోట ఒకటి మారి ఉన్నాయట. ఆయనకు దానివల్ల ఏ జబ్బూ లేదు. కానీ కొన్ని కడుపులు నిలవవు. కొన్ని నిలుస్తాయి, దారులున్నాయి, మాట్లాడదాం అంది డాక్టరమ్మ. తల్లివైపు నుంచి వచ్చి ఉండవచ్చు అంది. ఎవరి తప్పూ కాదు అని మూడుసార్లు అంది. మా ఆయన తల వంచుకుని విన్నాడు. నాకు మాత్రం, ఈ మాట వినవలసిన మనిషి ఇంకొకరు కదా అనిపించింది.

కర్మలు అయిపోయాక అత్తమ్మా నేనూ ఆమె ట్రంకుపెట్టె తీశాం. రెండు చీరలు, తంబాకు డబ్బీ, అడుగున ఒక పాతగుడ్డ. దాని అంచుకు వరసగా అయిదు ముళ్లు. లోపల ఏమీ లేదు.

"పాత పేలిక. పారెయ్యి" అంది అత్తమ్మ.

నేను లోపలికి వెళ్లి రిపోర్టు తెచ్చాను. డాక్టరమ్మ చెప్పిందంతా, మెత్తగా చెప్పాలని కూడా చూడకుండా, ఆమె మొహమ్మీదే చెప్పాను. ఆఖరున ఎవరి తప్పూ కాదన్న మాట కూడా చెప్పాను. అది పెద్దత్త కోసం చెప్పాను. తర్వాత రిపోర్టును మడిచి ఆ గుడ్డలో చుట్టబోతుంటే, అత్తమ్మ చెయ్యి చాచి గుడ్డ తీసుకుంది. పారేస్తుందేమోనని లాక్కోబోయాను.

ఆమె అయిదో ముడి పక్కన కొంచెం చోటు వదిలి ఒక ముడి వేసింది. దాని పక్కన ఇంకొకటి. తర్వాత గుడ్డను నా చేతిలో పెట్టి, "గివి నాయి" అని, నా మొహం చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.