పాముచెవులాయన లెక్క

ఆఫీసులో అతన్ని అందరూ పాముచెవులాయన అనేవారు. ఎదురుగానే అనేవారు, అతనూ మురిసిపోయేవాడు. అడవి జీవాల్లో ఏది ఎంత ప్రమాదంలో ఉందో, ఎందువల్ల ఉందో తేల్చే ఆఫీసు అది. మూడు గదులు, వానొస్తే కారే వరండా, తలుపు సరిగ్గా పడని బీరువాలు. అక్కడ ఇరవై ఆరేళ్లుగా అతని ఉద్యోగం వినడం. వాగు వెంట రెల్లులో సన్నగొంతు పిట్ట అని ఒకటుంది, బొటనవేలంత. కంటికి చిక్కదు, గొంతును బట్టే పోల్చుకోవాలి. ఏటా వాగు పొడవునా పన్నెండు చోట్ల పదేసి నిమిషాలు నిలబడి, విన్న గొంతుకొక గీత చొప్పున కాగితం మీద పెట్టేవాడు. రికార్డు చేసే యంత్రం కొందామని ఒకసారి మాటొస్తే, "మన పాముచెవులాయన ఉండగా దండగ ఖర్చెందుకు" అని మేడమ్ కొట్టిపారేసింది. నివేదికల మీద సంతకం పెట్టే శాస్త్రవేత్త ఆవిడ.

ఈ ఏడు లెక్క ముప్పై ఒకటి. పదేళ్ల కిందట రెండు వందల నాలుగు. పదేళ్లలో నూటికి ఎనభై తగ్గితే ఆ జీవిని అన్నిటికంటే పై ప్రమాద వర్గంలో వేస్తారు. అందులో పడిందంటే వాగు పక్కనున్న రాళ్ల క్వారీకి అనుమతి పొడిగించరు. గురువారం ఆ సంగతి తేల్చే కమిటీ కూర్చుంటుంది. తన గీతలు ఒక క్వారీని ఆపబోతున్నాయని అతనికి లోపల్లోపల గర్వంగానే ఉండేది.

సోమవారం ఒళ్లు కాస్త వెచ్చబడితే జ్వరం తేలగానే కూత పెట్టే అంకెల థర్మామీటరు చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క గదిలో భార్య కుట్టుమిషను ఆపింది. ఆమె దర్జీ.

"అది కూసి ఎంతసేపయిందండీ, ఇంకా తీయరేం?"

"ఇంకా కూయలేదే."

"మూడుసార్లు కూసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. మళ్లీ పెట్టుకుని అంకెల వంకే చూశాడు. అంకె ఆగింది. "ఇదిగో, ఇప్పుడు" అందామె. అతనికేమీ వినపడలేదు. పిట్ట గొంతు ఇంతకంటే సన్నం.

మంగళవారమంతా ఆఫీసులో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పెరట్లోకి వెళ్లి కాకుల్ని విన్నాడు, అవి శుభ్రంగా వినిపించాయి. దాంతో ధైర్యం వచ్చింది, మెట్లెక్కేలోగా పోయింది. పాత కాగితాలు తీశాడు. క్వారీ పక్కనున్న నాలుగు చోట్లా పదేళ్ల కిందట డెబ్బై గొంతులుండేవి. దుమ్ముకు రెల్లు మాడాక రెండేళ్లలో సున్నా అయ్యాయి. ఆ సంగతి కళ్లకే కనిపిస్తోంది. కానీ ఎగువనున్న ఎనిమిది చోట్లా రెల్లు దట్టంగా ఉంది, నీళ్లున్నాయి, దుమ్ము లేదు. అయినా అక్కడ గొంతులు ఏటికేడు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చాయి. వాటి ఎదురుగా ప్రమాద కారణం రాయాల్సిన గడిలో ఐదేళ్లుగా అతని చేతిరాతే ఉంది: "తెలియదు." ఆ మాట చూసి సిగ్గుతో చచ్చిపోయాడు.

బుధవారం తెల్లవారకముందే భార్యను లేపి వాగుకు తీసుకెళ్లాడు. సన్నగా మూడు విరుపులతో కూత వినపడితే వేలెత్తమన్నాడు. క్వారీ పక్క ఆమె వేలు లేవలేదు. ఎగువన మొదటి చోటే లేచింది. దించేలోగా మళ్లీ లేచింది. అతను గీతలు పెడుతూనే ఉన్నాడు. ఎనిమిదో చోట రెల్లు కొసన, ఎన్నడూ లేనిది, పిట్ట బయటికొచ్చి కూర్చుంది. ముక్కు తెరుచుకుంటోంది, గొంతు కింద ఈకలు వణుకుతున్నాయి. అది గొంతు చించుకుంటోంది. అతని చెవికి వాగు చప్పుడొక్కటే చేరింది.

గీతలు లెక్కపెడితే నూట పద్దెనిమిది.

"ఎక్కువున్నాయంటే మంచిదేగా?" అంది భార్య.

"పిట్టకు మంచిదే. వర్గం రెండు మెట్లు దిగిపోతుంది. క్వారీ ఆగకపోవచ్చు."

ఆమె అతని చేతిలోని కాగితం వంక చూసింది. "మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదు. దారి పొడుగునా అదే ఆలోచిస్తున్నాను."

నోరు మూసుకుంటే చాలు, క్వారీ ఆగుతుంది, పేరు నిలుస్తుంది. కానీ ఎగువ రెల్లులో లేని జబ్బును అంటగట్టి, అసలు జబ్బున్న నాలుగు చోట్లనూ ఆ గుంపులో కలిపేసింది తనే. ఇంటికి కూడా పోకుండా ఆఫీసుకు వెళ్లి, మేడమ్ బల్ల ముందు నిలబడి అంతా చెప్పాడు.

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ముందే ఒక యంత్రం కొనుంటే సరిపోయేది. నాదీ తప్పే. కానీ మీ ఆవిడ విన్నవన్నీ ఆ పిట్టవేనని ఏమిటి నమ్మకం?"

"లేదు మేడమ్. నేర్పాలి."

"కమిటీని మూడు వారాలు వాయిదా అడుగుతాను. యంత్రం పెడదాం, ఆవిడా వినాలి. క్వారీ మాట మాత్రం నేనేమీ చెప్పలేను. మీరిక..." అని ఆగిపోయింది.

"నేనిక గీతలు పెడతాను మేడమ్" అన్నాడు.

ఆ సాయంత్రమే పాఠం మొదలైంది. పిట్ట కూతను భార్య ఈలగా ఊదితే మొదట్లో లావుగా, పిట్ట కాదు కదా బాతుకు కూడా నచ్చనట్టు వచ్చింది. ఇద్దరూ నవ్వారు. "రెండో విరుపు పొట్టి. కొస పైకి లేవాలి" అంటూ జ్ఞాపకంలోంచి తీసి చెప్పాడు. ఆమె మళ్లీ ఊదింది. ఇంకా లావు, అతనికి బాగా వినపడింది. కాదన్నాడు. ఇంకా సన్నం చేసింది. కాదన్నాడు. ఆమె విసుక్కుని, నాలుక పళ్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి మళ్లీ ఊదింది. ఆమె బుగ్గలు మూడుసార్లు కదిలాయి. గదిలో అతనికి ఏ చప్పుడూ వినపడలేదు.

"ఆ, అదే" అన్నాడు.